మా ఇంట్లో మయసభ

మా ఫ్లాటు కాగితాల మీద 1,150 చదరపు అడుగులు. లోపల కొలిస్తే 780. కొన్న కొత్తలో ఈ తేడా చూసి టేపుదే తప్పనుకున్నాను. కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కనక కొలతలో దోషం ఎక్కడ దూరిందో వెతకడం నాకు అలవాటు. వేరే టేపు తెచ్చి కొలిచాను. ఎండకి సాగిందేమోనని రాత్రిపూట కూడా కొలిచాను. మిగతా 370 అడుగులూ ఎక్కడున్నాయో చివరికి అసోసియేషన్ సెక్రటరీగారు దయతలచి వెంట తిప్పి చూపించారు. కొంత మెట్ల మీద ఉంది, కొంత వాచ్‌మన్ గదిలో ఉంది, కొంత జనరేటర్ కింద, కొంత బయటి గోడల మందంలో. ఇంకొంత లిఫ్టులో ఉండి పొద్దస్తమానం పైకీ కిందికీ తిరుగుతోంది. అప్పట్నించీ లిఫ్టులో ఎవరైనా కాలు తొక్కితే, మా హాల్లోకొచ్చి తొక్కినట్టే ఉంటుంది నాకు.

ఇప్పుడు కొనేవాళ్లకి ఈ బాధ కొంత తక్కువ. 2016లో వచ్చిన రేరా చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో తేల్చి, అమ్మేవాళ్లు ఆ లెక్కే చెప్పాలంది. బయటి గోడలు, బాల్కనీ, పైపులు వెళ్లే డక్టులు ఆ లెక్కలోకి రావు. లోపల గదికీ గదికీ మధ్యనుండే గోడలు మాత్రం వస్తాయి. గోడ నెత్తి మీద కార్పెట్ ఎలా పరుచుకోవాలో చట్టం రాసినవాళ్లు చెప్పలేదు.

ఆ 780 అడుగుల్లో అమ్మ, నేను, మా ఆవిడ, ఇంటర్ చదివే మా అమ్మాయి ఉంటున్నాం. ఎవరు ఎటు కదలాలన్నా ముందు ఇంకొకరు కదలాలి. బాత్రూం తలుపు తెరిస్తే బీరువా తలుపు తెరుచుకోదు. ఇంటిని పెంచడం ఎటూ మన చేతిలో లేదు, పెరిగినట్టు కనిపించేలా అయినా చేద్దామని అన్నది నేనే. మా ఆవిడ అప్పుడు పప్పులో రాళ్లు ఏరుతోంది. తలెత్తకుండానే "ముందు అటక సంగతి చూడండి" అంది. అటక మీద ఉన్నదంతా వాళ్ల పుట్టింటి ఇత్తడని నా గట్టి నమ్మకం. ఆ గంగాళాలూ బిందెలూ దించితే మాటా మాటా పెరుగుతుందని, అటక వదిలేసి గోడల మీద పడ్డాను.

రంగు విషయంలో పెద్ద గొడవేం లేదు. తెల్లటి గోడ తన మీద పడ్డ వెలుతురులో ఎనభై శాతానికి పైగా తిరిగి గదిలోకి విసురుతుంది. గోడకీ సీలింగుకీ ఒకే రంగు వేస్తే ఎక్కడ ఏది ఆగిందో కంటికి తెలీక గది పెద్దదనిపిస్తుంది. ఇదంతా నిజమే, వేయించాం, బాగుంది. కాకపోతే మునుపటి పసుపుపచ్చ గోడ మీద మా అమ్మ తలనూనె మరకా, మా అమ్మాయి చిన్నప్పుడు మేకుతో గీసిన ఏనుగూ ఎవరికీ కనపడేవి కావు. ఇప్పుడు తెల్లగోడ మీద పడ్డ ప్రతి కొత్త మరకా వీధిలోంచి కూడా కనపడుతుంది.

ఫాల్స్ సీలింగ్ పెట్టిస్తే దర్జాగా ఉంటుందన్నాడు మా బావమరిది. వాడి మాట వినకపోవడం ఈ కథలో నేను చేసిన ఏకైక మంచి పని. మనుషులుండే గది ఎత్తు కనీసం 2.75 మీటర్లు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్తోంది. మా బిల్డరు ఆ కనీసాన్ని అక్షరాలా పాటించాడు, ఒక్క సెంటీమీటరు కూడా ఎక్కువివ్వలేదు. దాని కింద ఇంకో పొర దించితే, ఫ్యాను మా బావమరిది క్రాపుతో పోటీ పడేది. అదే కోడ్ గది 9.5 చదరపు మీటర్లు, రెండు గదులుంటే రెండోది 7.5, వంటిల్లు 5 ఉంటే చాలంటుంది. ఆ గదుల్లో బీరువాలు ఎన్నుండొచ్చో మాత్రం చెప్పదు. చెప్పి ఉంటే సగం తెలుగువాళ్లం నేరస్థులం.

ఇక అద్దం. ఇక్కడ నేను కొంచెం ఆగాలి.

వస్తువు అద్దానికి ఎంత ముందుందో, దాని బొమ్మ అద్దానికి అంత వెనక ఉన్నట్టు కనపడుతుంది. ఈ ముక్క ఏటేటా బోర్డు మీద రాసి, బాణాలు గీసి, పిల్లల చేత అప్పజెప్పించినవాణ్ణి నేను. పది అడుగుల హాల్లో ఒక గోడంతా అద్దం పెడితే ఇరవై అడుగుల హాలు! చదరపు అడుగు రేటు ప్రకారం ఆ రెండో హాలు విలువెంతో లెక్కేసి మా ఆవిడకి చూపించాను కూడా. మహాభారతంలో మయుడు చేసింది కూడా ఈ పనే కదా అన్నాను. 'దానవీరశూరకర్ణ' (1977)లో ఎన్టీఆర్ దుర్యోధనుడై ఆ మయసభలో నడిచిన నడక ఎవరు మర్చిపోతారు? "ఆయన పడ్డాడు కదండీ" అని మాత్రం అంది ఆవిడ.

అద్దం కిటికీకి ఎదురుగా పెట్టాలని ఆప్టిక్స్ చెప్తుంది, వెలుతురు తిరిగొస్తుంది కనక. మా కిటికీ తూర్పున ఉంది. అంటే అద్దం పడమటి గోడకి రావాలి. అమ్మ తన సిద్ధాంతిగారికి ఫోన్ చేసింది. అద్దం తూర్పుకో ఉత్తరానికో ఉండాలి, పడమట పనికిరాదన్నారాయన. నేను న్యూటన్‌ని పిలిచాను, అమ్మ విశ్వకర్మని పిలిచింది. ఉత్తరపు గోడ దగ్గర రాజీ కుదిరింది. అది కూడా ఒకందుకు మంచిదే అనుకున్నాను, కిటికీలోంచి కనపడేవి ఎదుటి అపార్ట్‌మెంటు వాళ్ల డ్రైనేజీ పైపులు, వాటిని రెండింతలు చేసుకుని ఏం లాభం?

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు, 5 మిల్లీమీటర్ల మందం. బరువు 28 కిలోలు. ఇద్దరు కుర్రాళ్లు దాన్ని బిగించి వెళ్లాక, నేను గది మధ్యలో నిలబడి విశాలమైన నా హాలుని చూసుకున్నాను. ఉత్తరపు గోడకి ఎదురుగా దక్షిణపు గోడ, దాన్నానుకుని దివాను, దివాను మీద ఉతికి మడతపెట్టని బట్టల గుట్ట. ఇప్పుడు రెండు గుట్టలు. కుర్చీ మీద ఇస్త్రీకివ్వాల్సిన మూట ఒకటి, అద్దంలో ఒకటి. టీవీ వెనక వేలాడే వైర్లు రెండు జతలు. ఆ వైర్ల మధ్య నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్న నడివయసు బట్టతల ఆసామీలు ఇద్దరు. నా బోర్డు మీద వస్తువు స్థానంలో ఎప్పుడూ ఒక కొవ్వొత్తి ఉండేది. గదిలో కొవ్వొత్తి ఒక్కటే ఉంటే ఆ సూత్రం ఎంత బాగుంటుందో చెప్పలేను.

ఆ ఆదివారం సాయంత్రం మా ఆవిడ బాబాయిగారు తెనాలి నుంచి వచ్చారు. శుక్లాలు, ఆపరేషన్ వాయిదా వేసుకుంటున్నారు. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చేసరికి ఎదురుగా పంచె కట్టుకున్న ఒక పెద్దమనిషి కనపడ్డాడు. ఈయన చేతులు జోడించారు. అవతలాయన కూడా ఆలస్యం చెయ్యకుండా జోడించాడు. "కూర్చోండి, కూర్చోండి" అన్నారు బాబాయిగారు మర్యాదగా. ఆయన కూర్చోలేదు. పెద్దవాడు నిలబడి ఉండగా తను కూర్చోవడం పద్ధతి కాదని ఈయనా నిలబడ్డారు. నేను బాత్రూంలోంచి వచ్చేదాకా ఇద్దరూ ఒకరినొకరు గౌరవించుకుంటూ అలాగే ఉన్నారు. కాఫీ ఇచ్చాక మా ఆవిణ్ణి పిలిచి మెల్లిగా అడిగారు: "పక్క వాటా వాళ్లకీ మీకూ మధ్య గోడ కూడా కట్టలేదేమే అమ్మాయ్, ఆ బిల్డరు? ఆయనెవరో సంస్కారవంతుడిలా ఉన్నాడు గానీ, పాపం వాళ్లిల్లు మరీ ఇరుకే!"

ఆ పూటకి అద్దం మీద దుప్పటి కప్పాం. ఆ దుప్పటి కోసం మంచం ఎత్తాల్సొచ్చింది కనక, మంచం గురించి కూడా చెప్పాలి.

అది హైడ్రాలిక్ మంచం. ఆరడుగులు, అయిదడుగులు, లోపల అడుగు లోతు పెట్టె. 30 ఘనపుటడుగులంటే సుమారు 850 లీటర్లు, మా ఫ్రిజ్‌కి మూడింతలు! చోటు కూడా ఇలా లీటర్లలో దొరుకుతుందని కొట్లో తెలిసేసరికి నేను ఆగలేకపోయాను. పరుపు కింది పలకకి రెండు గ్యాస్ గొట్టాలుంటాయి, అవి పైకి తోస్తాయి కనక చిటికెన వేలితో ఎత్తొచ్చన్నాడు కొట్టువాడు. వాడు చూపించిన మంచం మీద ఫోమ్ పరుపుంది. ఆ గొట్టాల బలం ఆ బరువుకి సరిపెట్టి ఉంటుంది. మా అమ్మది పెళ్లినాటి దూది పరుపు, ఏటా ఏకించి కొత్త దూది కలపడమే గానీ పాతది తీసింది లేదు. దాంతో పలక లేవదు. పరుపు తీస్తే పలక దానంతటది లేచి, నేను మీద వాలితే గానీ దిగదు. ఇద్దరం కలిసి వాలతాం, నేనూ మా ఆవిడా, అన్యోన్య దంపతుల్లాగే ఉంటుంది చూసేవాళ్లకి.

అందులో ఏం పెట్టాం? చుట్టాలొస్తే పరిచే దుప్పట్లు. చుట్టాలొస్తే కూర్చునేది ఆ మంచం మీదే. అమ్మ మధ్యాహ్నం పడుకునేదీ దాని మీదే, ఆవిడ బీపీ మాత్రల స్టాకు ఉండేది దాని లోపలే. నిద్రపోతున్న తల్లిని లేపి, పరుపు దొర్లించి, మంచం ఎత్తి మాత్రలు తీసిచ్చేసరికి ఆవిడకి బీపీ ఎలాగూ పెరుగుతుంది. ఆ విధంగా మాత్రలు వృథా పోవడం లేదు.

గోడకి మడిచే డైనింగ్ టేబులు గురించి క్లుప్తంగా చెప్తాను: తెరిచాం, మడవలేదు. దాని మీద మా కాలేజీ జవాబు పత్రాలున్నాయి.

సోఫాకి కాళ్లుండాలని ఎక్కడో చదివాను. నేల ఎంత కనపడితే గది అంత పెద్దదని కన్ను లెక్కేసుకుంటుందట, కనక నేలకి అతుక్కున్న సామాను మార్చి కాళ్ల మీద నిలబడేది కొనాలి. కొన్నాను. సోఫా కింద ఆరంగుళాల ఖాళీ నేల నిగనిగలాడుతూ కనపడింది. చూస్తే ప్రాణం లేచొచ్చింది. అంత నేల ఊరికే పడి ఉండటం చూడలేక సూట్‌కేసు దాని కిందికి తోశాను.

ఇలాంటి రోజుల్లోనే నాకు లె కార్బుజియె కథ దొరికింది. చండీగఢ్ నగరానికి పథకం గీసిన మహానుభావుడు. అంత పెద్ద ఊరు గీస్తూ, తను వేసవికి ఉండటానికి ఫ్రాన్సులో సముద్రం ఒడ్డున 1952లో కట్టుకున్న చెక్క గది ఎంతో తెలుసా? 3.66 మీటర్ల చదరం. అంటే పన్నెండడుగులకి పన్నెండడుగులు. పడక, బల్ల, బీరువా, చేతులు కడుక్కునే తొట్టి అన్నీ అందులోనే. పైగా భార్యకి పుట్టినరోజు కానుక. నేను ఈ సంగతి మా ఆవిడకి ఉద్వేగంగా చెప్పాను.

"వంటిల్లు ఎక్కడ?" అంది.

"వంటిల్లు లేదు. పక్కనే హోటలుంది, తలుపు తీస్తే అందులోకే. అక్కడే తినేవాళ్లు."

"అలాగైతే నాకు పదడుగులు చాలు" అంది.

మన పెద్దవాళ్ల మండువా లోగిళ్ల గురించి మాట్లాడేవాళ్లని చూస్తే నాకు కొంచెం చిరాకు. సినిమాల్లో చూసిన లోగిలి ప్రతివాడికీ తాతగారిదే అవుతుంది. మా తాతగారిది రెండు గదులు, ఒక వసారా. అందులో మా నాన్న, ఆయన తోడబుట్టినవాళ్లు, మేనత్తలు, ఊరికే వచ్చి ఉండిపోయిన ఒక దూరపు చుట్టం. అయినా ఇరుకని ఎవరూ అనుకోలేదు. నులకమంచాలు తెల్లారేసరికి గోడకి నిలబడేవి. చాపలు చుట్టుకుని మూల నిలబడేవి. జపాన్‌లో పగలు పరుపులు మడిచి అలమరలో పెట్టేసి ఆ గదినే అన్నిటికీ వాడుకుంటారని ఇప్పుడు ఫోటోలు వేసి మెచ్చుకుంటున్నారు గానీ, మా నాయనమ్మ ఆ పని చీపురు చేత్తో పట్టుకుని తిడుతూ చేయించేది. బట్టలు దండెం మీద, చొక్కా చిలక్కొయ్యకి, పెరుగు ఉట్టి మీద, దీపం గూట్లో. నేల మీద ఏదీ ఉండేది కాదు.

అసలు ఆ ఇల్లు దాచుకోడానికీ వాన వస్తే దూరడానికీ మాత్రమే. స్నానం పెరట్లో, చాకిరేవు చెరువులో, కబుర్లు అరుగు మీద, వేసవి నిద్ర ఆరుబయట, పిల్లల ఆట వీధిలో, మగవాళ్ల వాదన రావిచెట్టు కింద. మేం ఇవన్నీ 780 అడుగుల్లోకి పిలుచుకున్నాం. వాషింగ్ మెషీన్ రూపంలో చెరువొచ్చింది. టీవీ రూపంలో రావిచెట్టొచ్చింది. ఆఖరికి పొలం గట్టున నడవడం కూడా వ్యాయామం సైకిలు రూపంలో పడగ్గదిలోకొచ్చింది, దాని మీద తడి తువ్వాళ్లు ఆరేస్తున్నాం కనక దండెం కూడా వచ్చినట్టే. ఊరంతా లోపల పెట్టుకుని ఇల్లు చాలట్లేదంటే చాలుతుందా మరి?

ఈ జ్ఞానం నాకు కలిగింది గానీ దానివల్ల ఒక్క అడుగు నేల కూడా బయటపడలేదు. బయటపడింది మా అమ్మాయి మారీ కొండో పుస్తకం తెచ్చినప్పుడు. ఆ జపాన్ ఆవిడ సూత్రం ఏమిటంటే, ప్రతి వస్తువునీ చేతిలోకి తీసుకుని, అది మనసుకి ఆనందం కలిగిస్తేనే ఉంచుకోవాలి. అమ్మకి ఒక సంచీడు మూతలిచ్చాం, గిన్నెలు పోయి మూతలు మిగిలినవి. ఒక్కోటి చేతిలోకి తీసుకుంది. ప్రతిదీ ఆనందమే. ఇది మీ నాన్న మొదటి జీతంతో కొన్న గిన్నె మూత, ఇది నువ్వు జ్వరంగా ఉన్నప్పుడు గంజి కాచిన గిన్నె మూత... సాయంత్రానికి మూతలన్నీ వెనక్కెళ్లాయి, మేమందరం కళ్లు తుడుచుకున్నాం. ఆ కొండోగారే ముగ్గురు పిల్లలు పుట్టాక ఇల్లు సర్దడం కొంచెం వదిలేశానని 2023లో ఒప్పుకున్నారని తర్వాత చదివి, ఆవిడ మీద నాకు తోబుట్టువు మీదున్నంత ప్రేమ కలిగింది.

మూతల తర్వాత వంతు అటకది. ఇక తప్పదు. నేను స్టూలెక్కాను, మా ఆవిడ స్టూలు పట్టుకుంది, అమ్మాయి టార్చి పట్టుకుంది, అమ్మ కింద నిలబడి "జాగర్తరా" అంటోంది. అత్తారింటి ఇత్తడి మీద నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసం నాలుక చివర ఉంది.

ఇత్తడి ఉంది. ఒక గంగాళం, దాన్లో ఒక బిందె, బిందెలో ఒక చెంబు. బుద్ధిగా ఒకదాన్లో ఒకటి ఇమిడి ఒక మూల ఉన్నాయి. బొమ్మల కొలువు పెట్టె ఒకటి పక్కన ఉంది. మిగతా అటకంతా అట్టపెట్టెలు. టీవీ పెట్టె. అంతకుముందు టీవీ పెట్టె. మిక్సీది, ఇన్వర్టర్‌ది, కూలర్‌ది, ఏనాడో పాతసామాన్లవాడికి అమ్మేసిన కంప్యూటర్ మానిటర్ పెట్టె, మా అమ్మాయి మొదటి బూట్ల పెట్టె. అన్నీ నావే. ప్రతిదాని మీదా నా చేతిరాతతో తారీఖు, 'జాగ్రత్త' అన్న మాట. లోపల ఆయా వస్తువుల ఆకారంలో తొలిచిన థర్మకోల్, థర్మకోల్ నడుమ ఏమీ లేదు.

"ఇవెందుకు నాన్నా?" అంది అమ్మాయి.

ఇల్లు మారేటప్పుడు సామాను సర్దుకోడానికి. సొంతిల్లు, ఇరవయ్యేళ్ల లోను, ఎక్కడికి మారతాం? ఆ మాట ఎవరూ అడగలేదు గానీ టార్చి వెలుతురు కాసేపు నా మొహం మీద నిలబడింది. అటక పొడవు పది అడుగులు, లోతు రెండు, ఎత్తు రెండు. ఇత్తడీ బొమ్మలూ పోగా ముప్పై ఘనపుటడుగులకి పైగా ఖాళీని నేనే పోగుచేసి, పెట్టెల్లో పెట్టి, టేపు వేసి, దాచాను. గదిలోకి చోటు ఎలా వస్తుందా అని అద్దం ముందు నిలబడి బుర్ర గోక్కున్నది కూడా నేనే.

పాతసామాన్లబ్బాయి అట్టని కిలోల లెక్కన తీసుకున్నాడు. థర్మకోల్ ముట్టుకోనన్నాడు. దానికి బరువు లేదట. పదేళ్లు మోసినవాడిగా నేను ఒప్పుకోలేకపోయాను గానీ వాడు వెళ్లిపోయాడు. అది కొన్నాళ్లు హాల్లో ఉంది, అద్దంలో కూడా ఉంది. మా అమ్మాయి స్నేహితురాలి తమ్ముడి స్కూలు ప్రాజెక్టుకి చార్మినార్ కావాల్సొస్తే కొంత వెళ్లింది. మిగతాది బాల్కనీలో గోల్కొండ అవుతుందని ఎదురు చూస్తున్నాను.

అటక మాత్రం ఖాళీ అయింది. ఇంట్లో ఖాళీగా ఉన్న చోటు అదొక్కటే కనక నేను దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వను. ఇత్తడి దించి హాల్లో మూలన పెట్టించాను. ఇంటికొచ్చినవాళ్లకి అందరూ దేవుడి గది చూపిస్తారు, నేను అటక తలుపు తీసి చూపిస్తాను. మొన్న బాబాయిగారు మళ్లీ వచ్చారు, ఆపరేషనయింది, కళ్లు బ్రహ్మాండంగా కనపడుతున్నాయట. అద్దం చూసి నవ్వారు. అటక చూపిస్తే స్టూలెక్కి తల లోపల పెట్టి చాలాసేపు చూశారు.

"పది అడుగులుంది కదుటయ్యా. మంచి చోటు! ఒక మనిషి హాయిగా పడుకోవచ్చు" అన్నారు.

మా ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టి, "మీ ఎత్తు ఎంతన్నారూ?" అంది నన్ను.